పంతొమ్మిదో పాఠం

గురువారం ఉదయం అక్క ముందుగదిలో బల్ల ముందు కూర్చుని వైర్ల చివర్లు ఒలుస్తోంది. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి ఐదు బుల్లి బండ్లకు మోటార్లు బిగించి ఉంచాలి. రెండేళ్ళ క్రితమైతే ఇరవై రెండు బిగించేది.

ఆ బల్ల ఒకప్పుడు పెరటి తలుపు. పిల్లలు ఎక్కువై చోటు చాలనప్పుడు దాన్ని ఊడదీయించి, కాళ్ళు కొట్టించి, ఇలా మార్పించింది. గడియ ఉన్నచోట పడిన గుంటలో పిల్లలు పెన్సిళ్ళు పెట్టుకుంటారు.

భర్త తన కళ్ళజోళ్ళ దుకాణానికి బయలుదేరబోతూ, గేటు దగ్గర దొరికిన కవరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"విద్యాశాఖ నుంచట. నువ్వేం తప్పు చేశావ్?"

"చెయ్యాల్సింది ఇంకా చెయ్యలేదు," అంటూ అక్క కవరు చించింది.

బడుల్లో మూడో తరగతి నుంచే పిల్లలకు ప్రోగ్రామింగ్, చిన్న రోబోల తయారీ నేర్పబోతున్నారట. అందుకు ఒక పుస్తకాన్ని పరిశీలిస్తున్నారు. ఎల్లుండి శనివారమే తుది ప్రదర్శన. ముగ్గురు పరీక్షకుల్లో ఒకరిగా ఆమెను రమ్మన్నారు. పరీక్షకుల బృందానికి పెద్దగా కింద ఉన్న సంతకం పాలిటెక్నిక్‌లో ఒకప్పుడు ఆమె పైఅధికారిగా ఉన్న పెద్దసారుది. ఆయన దగ్గర ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఆమె పద్నాలుగేళ్ళు పనిచేసింది. రిటైరయ్యాక కూడా ఆయన ఆమెను మరిచిపోలేదన్నమాట.

సంతోషంగా చదువుతున్న అక్క పుస్తకం పేరు దగ్గర ఆగిపోయింది. చేతిలో ఉన్న వైరు జారి కింద పడింది.

"ఎవరి పుస్తకం?" అన్నాడు భర్త, ఆమె ముఖం చూసి.

"నాది," అంది అక్క.

అతను చెప్పులు విడిచి, మళ్ళీ లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇక దుకాణం అరగంట ఆలస్యంగా తెరవక తప్పదని అతనికి అర్థమైంది.

'ముప్ఫై పాఠాల్లో రోబో' అనే ఆ పుస్తకం అట్ట మీద అక్క పేరు లేదు. ఉన్నది చెల్లెలి పేరు, చెల్లెలి ఫోటో, 'మా అమ్మాయికి నేర్పుతూ నేను రూపొందించిన పద్ధతి' అనే మాట. ల్యాబు మూతపడ్డాక, ఇంట్లో ఖాళీగా కూర్చోలేక, ఎదురింటి పిల్లలతో మొదలుపెట్టి, నాలుగేళ్ళపాటు ఒక్కో పాఠాన్నీ పిల్లల మీద పరీక్షించి, కొట్టేసి, దిద్ది, పొడుగు నోటుబుక్కులో రాసుకున్నది మాత్రం అక్క. 'టైపు చేసిపెడతానక్కా, నీ రాత నీకే అర్థం కాదు' అని ఆ నోటుబుక్కు పట్టుకెళ్ళింది చెల్లెలు. పది నెలలకు పుస్తకం వచ్చింది. ఇంకో నాలుగు నెలలకు పెద్దరోడ్డు మీద అద్దాల తలుపుతో చెల్లెలి సెంటరు వచ్చింది. అక్క దగ్గరి పిల్లలు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. తల్లిదండ్రులకు అద్దాల తలుపు నచ్చింది.

అక్క ఆ పుస్తకాన్ని కొని తెచ్చుకుని, ఎర్రకలం తీసుకుని, తన వాక్యమున్న ప్రతిచోటా గీత గీసింది. మొత్తం రెండువందల పదకొండు గీతలు. పుస్తకం తెరిస్తే దోమలు చంపిన గోడలా ఉండేది. దాన్ని బీరువాలో చీరల కింద దాచుకుని, మనసు బాగాలేని రోజున తీసి చదువుకునేది. మనసు ఇంకా పాడయ్యేది. ఆ రోజుకి అదే తృప్తి.

"వెళ్ళకు," అన్నాడు భర్త. "బంధువులం, కుదరదని రాసెయ్యి. ఇదిగో, కింద అడగనే అడిగారు. 'పుస్తక రచయితతో నాకు ఏ బంధుత్వమూ లేదు.' ఇక్కడ సంతకం పెడితే అబద్ధమవుతుంది."

"అబద్ధమెలా అవుతుంది? రెండేళ్ళ క్రితం తనే చెప్పిందిగా, ఇకమీదట నువ్వు నాకేమీ కావని. నేను నమ్మాను."

"కోపంలో అన్నమాట అది."

"నేనిప్పుడు చాలా శాంతంగా ఉన్నాను," అంది అక్క. గుంటలోంచి పెన్ను తీసి, తొణక్కుండా సంతకం పెట్టింది.

ఆమె ఆ క్షణంలోనే నిర్ణయించుకుంది. గట్టిగా అరవనక్కర్లేదు. దొంగతనమని ఎవరిముందూ ఏడవనక్కర్లేదు. పంతొమ్మిదో పాఠం ఒక్కటి అడిగితే చాలు.

ఆ పాఠం పేరు 'గోడ దగ్గర ఆగడం'. బండికి ముందువైపు రెండు కళ్ళలాంటి పరికరం ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. పిల్లలు కంప్యూటరు తెర మీద రంగురంగుల ఆజ్ఞల ముక్కల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి, దూరం చూడు, దగ్గరైతే ఆగు, లేకపోతే ముందుకు నడు, ఇదంతా మళ్ళీ మళ్ళీ చెయ్యి అని బండికి చెప్పాలి. అక్క తన నోటుబుక్కులో కావాలనే ఒక తప్పు పెట్టింది. 'దూరం చూడు' అన్న ముక్కను 'మళ్ళీ మళ్ళీ' అన్న చుట్టుకు బయట రాసింది. అలా రాస్తే బండి బయలుదేరేముందు ఒక్కసారి చూస్తుంది. ఆ తర్వాత ఏది అడ్డొచ్చినా చూడకుండా నడుస్తూనే ఉంటుంది. బండి గోడకు గుద్దుకున్నాక, 'నేనొక తప్పు చేశాను, ఎక్కడుందో పట్టుకోండి' అని పిల్లలతో అనేది. టీచరు తప్పు పట్టుకోవడమంటే పిల్లలకు పండగ. కానీ ఆ మాట నోటితో చెప్పేదే తప్ప ఎక్కడా రాసుకోలేదు. చెల్లెలు తప్పును కూడా పొల్లు పోకుండా అచ్చేయించింది.

సెంటర్లో ఇది ఇన్నాళ్ళూ బయటపడకపోవడానికి కారణం ఉంది. అక్కడ పిల్లలు ముక్కలు పేర్చరు. బండ్లతోపాటు వచ్చిన ప్రోగ్రాములు ట్యాబులో సిద్ధంగా ఉంటాయి. పిల్లలు బటను నొక్కుతారు, బండి నడుస్తుంది, వీడియో తీసి ఇంటికి పంపుతారు. అక్కడ విసుగెత్తి తిరిగొచ్చిన పిల్లలే ఈ సంగతి చెప్పారు.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. అమ్మ వారంలో మూడు రోజులు పెద్దకూతురి దగ్గర, నాలుగు రోజులు చిన్నకూతురి దగ్గర ఉంటుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశాక ఆమె బ్యాగు అసలు విప్పడమే మానేసింది. 'ఆ ఇంటి మాట ఈ ఇంట్లో చెప్పే అలవాటు నాకు లేదమ్మా' అంటూ కూర్చుని, కాసేపట్లోనే అన్నీ చెప్పేస్తుంది.

"శనివారం ఏదో ప్రదర్శనట. చిన్నది రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. పిచ్చుక చూపిస్తుందట వేదిక మీద."

అక్క చేతులు ఆగాయి. పిచ్చుక అంటే చెల్లెలి కూతురు. పదేళ్ళు. చిన్నగా, చురుగ్గా, ఒకచోట నిలవకుండా ఉంటుందని అక్కే ఆ పేరు పెట్టింది. ఆరేళ్ళప్పటి నుంచి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ప్రతి సాయంత్రం ఈ గదిలో చివరి స్టూలు ఆ పిల్లదే. అక్కచెల్లెళ్ళ గొడవ తర్వాత రావడం మానిపించారు.

"పిచ్చుక ఎందుకు? సెంటర్లో వేరే పిల్లలు లేరా?"

"మా అమ్మాయికి నేర్పుతూ రాశానని పుస్తకంలో ఉందటగా. అందుకని."

ఇంకా రెండు రోజులుంది. పెద్దసారుకి ఫోను చేసి తప్పుకోవచ్చు. వేరే పాఠం అడగొచ్చు. రెండు రోజుల్లో చాలాసార్లు ఆ ఆలోచన వచ్చింది. వచ్చిన ప్రతిసారీ బీరువా తెరిచి ఎర్రగీతలు చూసుకుంది. పిల్లదానికేం కాదులే, బండి పడితే తల్లికి తల కొట్టేసినట్టవుతుంది గానీ దానికేం, అని తనకు తనే నచ్చజెప్పుకుంది.

శుక్రవారం అమ్మ చీర కోసం బీరువా తెరిచి ఆ పుస్తకం చూసింది. పంతొమ్మిదో పాఠం దగ్గర పెట్టిన చీటీ కూడా చూసింది.

"ఏం చేయబోతున్నావే?"

"ఏమీ లేదమ్మా. పుస్తకంలో ఉన్నది చేసి చూపించమంటాను. అంతే."

"నీ గొంతు ఇంత తియ్యగా ఉంటే నాకు భయం. చిన్నప్పుడు దాని బొమ్మ తల ఊడదీసిన రోజు కూడా ఇలాగే మాట్లాడావు."

"లోపల ఏముందో చూద్దామని తీశాను."

"తిరిగి పెట్టలేదుగా," అంది అమ్మ.

శనివారం పది గంటలకు బడి హాలు నిండిపోయింది. టీచర్లు, తల్లిదండ్రులు, వాళ్ళ మధ్య అమ్మ, అక్క భర్త, ముందు వరసలో విద్యాశాఖవాళ్ళు. వేదిక మీద పొడవాటి బల్ల, పక్కన పెద్ద తెర. పరీక్షకుల కుర్చీల్లో పెద్దసారు, ఒక హెడ్‌మిస్ట్రెస్, మూడో కుర్చీలో అక్క.

మైకు దగ్గరికి వచ్చిన చెల్లెలు ఆ మూడో కుర్చీ వైపు చూసింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఈమె మా అక్క అని చెప్పాలంటే, మరి ఇంతకాలం ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వెనక ఇంకెన్నో వస్తాయి. అక్క ఆ లెక్క ముందే వేసుకుంది. చెల్లెలు గుటక మింగడం అంత దూరం నుంచీ ఆమెకు కనిపించింది. మంచినీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది.

చెల్లెలు బాగానే మాట్లాడింది. మాటలకేం, చిన్నప్పటి నుంచీ ఆమె సొత్తే. హెడ్‌మిస్ట్రెస్ నాలుగో పాఠం అడిగింది. పిచ్చుక రెండు జడలు వెనక్కి నెట్టుకుని, పుస్తకం చూసి, తెర మీద ముక్కలు పేర్చింది. బండి ఎదురుగా పెట్టిన చేతిని చూసి దీపం వెలిగించింది. హాలు చప్పట్లు కొట్టింది. రెండేళ్ళలో పిల్ల ఎంత పొడుగైందో అని ఒక్క క్షణం అనుకుంది అక్క.

"మీరేం అడుగుతారమ్మా?" అన్నాడు పెద్దసారు ఆమె వైపు తిరిగి.

"పంతొమ్మిది," అంది అక్క. "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు. ఒక్క ముక్క కూడా మార్చకుండా."

పిచ్చుక పేజీలు తిప్పింది. ఆ పేజీ దగ్గర ఆగి, తలెత్తి పెద్దమ్మ వైపు చూసింది.

"ఉన్నది ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

ఆ పిల్లకు తెలుసు. ఆ సంగతి అక్కకు అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో, ముందుగదిలో, ఇరవై రెండుమంది పిల్లల్లో ఆ తప్పును అందరికంటే ముందు పట్టుకుంది పిచ్చుకే. 'పెద్దమ్మ తప్పు చేసింది' అని పాటలా పాడుతూ స్టూలు చుట్టూ గంతులేసింది.

పిచ్చుక తన తల్లి వైపు తిరిగింది. ఏమీ తెలియని చెల్లెలు నవ్వుతూ తలూపింది. "చెయ్యమ్మా. పుస్తకం చూసి చెయ్యి."

పిల్ల ముక్కలు పేర్చింది. ఈసారి చాలా నెమ్మదిగా పేర్చింది. బల్ల చివర గోడకు బదులు ఒక అట్టపెట్టె నిలబెట్టారు. బండి బయలుదేరింది. పెట్టెను గుద్దింది. ఆగలేదు. పెట్టెను నెట్టుకుంటూ బల్ల అంచుదాకా వెళ్ళి, పెట్టెతోపాటు కింద పడింది. ఒక చక్రం ఊడి దొర్లుకుంటూ విద్యాశాఖవాళ్ళ కాళ్ళ దగ్గరికి పోయింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎందుకు ఆగలేదో రచయిత్రిగారు చెబితే బాగుంటుంది," అంది అక్క.

"బ్యాటరీ... బ్యాటరీ అయిపోయి ఉంటుంది."

"బ్యాటరీ లేకపోతే అసలు నడవదు కదండీ."

"అయితే ఆ సెన్సారు పాడైందేమో."

"నాలుగో పాఠంలో ఇప్పుడే పనిచేసింది. ప్రోగ్రాము మీరు రాసిందే, తెర మీద ఉంది. ఏ ముక్క ఏం చేస్తుందో ఒక్కొక్కటే చెప్పండి. మాకు తొందరేమీ లేదు."

చెల్లెలు తెర వైపు చూసింది. ఎర్రవి, పచ్చవి, నీలంవి ముక్కలు. ఆమెకు వాటిలో ఒక్కటీ తెలియదని హాలంతటికీ అర్థమవుతోంది. రెండేళ్ళుగా కడుపులో మండుతున్నది చల్లబడుతున్నట్టు అనిపించింది అక్కకి. ఇంకొక్క నిమిషం ఇలాగే నిలబడనీ అనుకుంది.

"తప్పు నాది."

పిచ్చుక ఆ మాట మైకు లేకుండానే అంది. అయినా చివరి వరసదాకా వినబడింది.

"అమ్మ సరిగ్గానే రాసింది. నేనే ముక్కలు తప్పుగా పేర్చాను. నాకు... నాకు సరిగ్గా రాదు."

పెద్దసారు ముందుకు వంగాడు. "ఫరవాలేదమ్మా. మళ్ళీ చెయ్యి."

పిల్ల కదల్లేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ పడుతుందని దానికి తెలుసు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. ఒక్కసారి మాత్రం కళ్ళెత్తి పెద్దమ్మను చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా అక్క తట్టుకునేది. పిల్ల బతిమాలుతోంది. ఇక చాలు అంటోంది.

ముందుగదిలో పిల్లలకు అక్క పెట్టిన కట్టుబాటు ఒకటే. బండి చెప్పినట్టు వినకపోతే ఏడవకూడదు, 'నాకు రాదు' అనకూడదు, 'ఎక్కడుందో చూద్దాం' అనాలి. దాన్ని అందరికంటే బాగా వంటబట్టించుకున్న పిల్ల, తప్పెక్కడుందో చిటికెన వేలితో చూపించగల పిల్ల, ఇంతమంది ముందు నిలబడి నాకు రాదు అంటోంది. ఆ మాట దాని నోట పలికించింది తనే. చెల్లెలు నోటుబుక్కే తీసుకుంది. తను ఏం తీసుకుందో అక్కకు అప్పుడు తెలిసింది.

ఆమె లేచి నిలబడింది.

"తప్పు అమ్మాయిది కాదు సార్. అది పేర్చింది పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఆ తప్పు పెట్టింది నేను. ఆ పాఠాలు నావి. పిల్లలు వెతికి పట్టుకోవాలని కావాలనే అలా రాశాను. ఈ పుస్తకం వేసినావిడ నా సొంత చెల్లెలు. బంధుత్వం లేదని మీకు అబద్ధపు సంతకం పెట్టాను. ఈ పాఠం అడిగితే ఏమవుతుందో తెలిసే అడిగాను."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగేళ్ళు నాతో పనిచేశావు," అన్నాడు నెమ్మదిగా. "మీటరు మీద ఒక్క అంకె తేడా వచ్చినా, ఉన్నదే రాసేదానివి. దిద్దేదానివి కాదు." ప్రదర్శన అక్కడితో ఆపేశారు.

పక్కనే ఖాళీగా ఉన్న తరగతి గదిలో అక్కచెల్లెళ్ళిద్దరూ రెండేళ్ళ తర్వాత ఎదురెదురుగా నిలబడ్డారు. అమ్మ తలుపు దగ్గర బెంచీ మీద కూలబడింది. పిచ్చుకను పెదనాన్న బయటికి తీసుకెళ్ళాడు. పిల్ల ఊడిన చక్రాన్ని పిడికిట్లో పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళింది.

"తృప్తిగా ఉందా?" అంది చెల్లెలు.

"ఒక్క నిమిషం ఉంది. ఆ తర్వాత లేదు."

"నా పరువు తీస్తే తీశావు. దాన్ని ఎందుకు నిలబెట్టావక్కా అక్కడ?"

"నిలబెట్టింది నువ్వు. దాని పేరు చెప్పుకుని పుస్తకం అమ్మింది నువ్వు. నా నాలుగేళ్ళ కష్టం పట్టుకెళ్ళి, నా పేరు ఒక మూలన కూడా లేకుండా..."

"ఉంది," అంది చెల్లెలు. "అచ్చుకు వెళ్ళే ముందటి ప్రతి మీద ఉంది. రెండు పేర్లూ ఉన్నాయి, నీది పైన. నీకు చూపిద్దామని తెచ్చాను. ఆ రోజు నీ గదినిండా పిల్లలు, వాళ్ళ అమ్మలు. నువ్వేమన్నావో గుర్తుందా?"

అక్కకు గుర్తులేదు. లేదా గుర్తుంచుకోలేదు.

"'ప్లగ్గు ఏ వైపు పెట్టాలో తెలియనిది పుస్తకం వేస్తుందట' అన్నావు. అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. నువ్వు ఆ కవరు విప్పనైనా విప్పలేదు, వైర్లు అతికే బల్ల కింద పడేశావు. నేను తీసుకుని వెళ్ళిపోయాను. ఇంటికెళ్ళి నీ పేరు కొట్టేశాను. అది తప్పే. తప్పని ఆ రోజే తెలుసు. కానీ కొట్టేస్తుంటే ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను."

ఆ హాయి ఎలాంటిదో అక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇందాకే అనుభవించింది.

"మీ ఇద్దరికీ పోలిక లేదని జనం అంటుంటారు," అంది అమ్మ తలుపు దగ్గర నుంచి. "కళ్ళులేనోళ్ళు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతుళ్ళిద్దరూ చెరొకవైపూ నిలబడ్డారు తప్ప ఎవరికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదు.

సోమవారం అక్క విద్యాశాఖకు వెళ్ళి తన సంతకం అబద్ధమని రాసిచ్చింది. ఇక ఏ పరిశీలనకూ ఆమెను పిలవబోమని చెప్పారు. తలూపి వచ్చేసింది. పుస్తకాన్ని చెల్లెలే వెనక్కి తీసుకుంది. సెంటర్లో పిల్లలు తగ్గారని, వారం రోజులు అద్దాల తలుపు తెరవలేదని అమ్మ చెప్పింది. రెండేళ్ళుగా అక్క ఎదురుచూసిన వార్త అది. వింటూ వింటూ చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసింది. ఏ రుచీ లేదు.

"పిచ్చుక ఎలా ఉంది?"

"పిచ్చుకేంటి. రాయిలా తయారైంది. తల్లితో మాట్లాడదు. కంప్యూటరు ముట్టుకోదు. ఆ చక్రం తీసి బిగించవే అంటే, నాకు రాదు అంటుంది."

ఆ ఆదివారం ఉదయమే అక్క చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తలుపు పిచ్చుకే తీసింది. లోపలికి రమ్మనలేదు. గడప మీదే అడ్డంగా నిలబడి అడిగింది.

"నన్నెందుకు వాడుకున్నావు పెద్దమ్మా?"

దారిపొడుగునా అక్క చాలా మాటలు సిద్ధం చేసుకుంది. అవేవీ పనికిరాలేదు.

"మీ అమ్మ మీద కోపం. మధ్యలో నువ్వున్నావని రెండు రోజుల ముందే తెలుసు. తెలిసే చేశాను."

"నాకు వచ్చు ఆ పాఠం."

"తెలుసు. అందరికంటే ముందు నీకే వచ్చింది."

"మరి అందరి ముందు రాదని చెప్పాను." ఏడవకూడదని పిల్ల గట్టిగా బిగపట్టుకుంది. అక్క గడప ముందు మెట్టు మీద కూర్చుండిపోయింది. వయసులో పెద్దదాన్నన్న సంగతి మరిచిపోయి, ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఎదురింటాయన పేపరు చదవడం ఆపి చూశాడు. చూడనీ అనుకుంది.

కాసేపటికి పిచ్చుక వచ్చి అదే మెట్టు మీద, రెండు జానల దూరంలో కూర్చుంది.

"సారీ చెబుతున్నావా?"

"చెబుతున్నాను."

"అయితే ఒకటి చెయ్యాలి. అమ్మకి నేర్పాలి. మొదటి పాఠం నుంచి."

లోపల వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. "నాకా?" అంది చెల్లెలి గొంతు.

"నువ్వేగా రాశావు," అంది పిచ్చుక వెనక్కి తిరగకుండానే. "రాసినవాళ్ళకి వచ్చి ఉండాలి కదా. పెద్దమ్మ నిన్ను చూసి నవ్వకూడదు. నవ్వితే నేను ఇద్దరి దగ్గరికీ రాను."

మర్నాడు సాయంత్రం ముందుగదిలో ఆరో స్టూలు వేశారు. ఐదుగురు పిల్లలు, వాళ్ళ మధ్య, మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుని చెల్లెలు. కొత్త నోటుబుక్కు తెచ్చుకుంది. తేదీ వేసింది. పక్కనున్న కుర్రది "ఆంటీ, మార్జిను గియ్యాలి," అంటే బుద్ధిగా గీసింది. గుమ్మం దగ్గర అమ్మ, పక్కన పిచ్చుక. వాళ్ళు చూడ్డానికే వచ్చారట.

మొదటి పాఠానికి కంప్యూటరు అక్కర్లేదు, బండీ అక్కర్లేదు. ఒకరు రోబో అవుతారు, ఇంకొకరు ఆజ్ఞలిస్తారు. కళ్ళకు గంత కట్టుకున్న రోబో, చెప్పింది మాత్రమే చేస్తుంది. సొంతంగా ఒక్క అడుగు కూడా వెయ్యదు, చెప్పనిదాన్ని ఊహించుకోదు.

"ఈరోజు రోబో ఎవరు?" అని అడిగింది అక్క.

"నువ్వే," అంది పిచ్చుక గుమ్మం దగ్గర నుంచి.

అక్క తువ్వాలు కళ్ళకు కట్టుకుని గది ఈ మూల నిలబడింది. ఆ మూల చెల్లెలు లేచి నిలబడినట్టు స్టూలు జరిగిన చప్పుడైంది. పిల్లలు నోళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఆజ్ఞ రాలేదు. ముక్కు ఎగపీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. అక్క తువ్వాలు తీయలేదు. తీయకూడదు కూడా. తువ్వాలు తడుస్తోంది.

"అమ్మా, ఏదో ఒకటి చెప్పు," అంది పిచ్చుక. "నువ్వు చెప్పకపోతే తను కదలదు."

చెల్లెలు నోటుబుక్కు మూసి బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అక్కా," అంది చెల్లెలు. "ఒక్క అడుగు ముందుకు."

అక్క అడుగు వేసింది.